గోడౌన్‌కు ఒకే షట్టర్ చాలదు
రేణిగుంట దగ్గర 60×120 అడుగుల షెడ్డుకు ముందువైపు ఒకే షట్టర్, మధ్యలో ప్యాకింగ్ టేబుళ్లు అన్నావు కదన్నా, చిక్కంతా అక్కడే. దిగే సరుకూ, ఎక్కే ఆర్డర్లూ ఒకే దారిలో ఎదురుపడతాయి. స్థలానికి రెండోవైపు కూడా రోడ్డుంటే ఒక చివర సరుకు దించడం, రెండో చివర డిస్పాచ్ (ఆర్డర్లు పంపడం) పెట్టు. లేదంటే ముందువైపే రెండు షట్టర్లు, మధ్యలో కనీసం 20 అడుగుల ఎడం. ప్యాకింగ్ మాత్రం డిస్పాచ్ పక్కనే ఉండాల.

స్తంభాలు వేయకముందే ర్యాక్ ప్లాన్ గీయించు. తర్వాతైతే స్తంభం సరిగ్గా నడవ మధ్యలో పడుతుంది. మనుషులు ట్రాలీతో తీసే నడవకు 5 అడుగులు చాలు, మామూలు ఫోర్క్‌లిఫ్ట్ (సరుకు ఎత్తే బండి) తిరగాలంటే 12-13 కావాల. అన్నిటికీ 13 వదిలితే జాగా దండగ. రోజూ కదిలే పచ్చళ్లు, మామిడి గుజ్జు డబ్బాలు ప్యాకింగ్‌కు దగ్గర్లో, నడుముకూ భుజానికీ మధ్య అరల్లో పెట్టు. బరువైనవి కింద.

డాక్ (సరుకు దించి ఎక్కించే అరుగు) ఎత్తు లారీకి 4 అడుగులు. చిన్న ఆటో ట్రాలీల బాడీ అంతకంటే కిందుంటుంది, వాటికి పక్కన ర్యాంపు వేయించు. మనకు అక్టోబరు-డిసెంబరు వానలు గట్టివి గాబట్టి షట్టర్ల పైన 10 అడుగుల చూరు తప్పనిసరి. తడిసిన అట్టపెట్టె దొంతరలో నిలవదు.