పొద్దున్న ఆరున్నర గురించి రాయి

తమ్ముడూ,

స్పెయిన్ చిత్రకారుడు ఆంటోనియో లోపెజ్ గార్సియా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నీ తెలుగు బాగుంది. కానీ ఒకచోట ఆగిపోయాను. ‘ఏడేళ్ళ కఠోర పరిశ్రమ ఫలితమే గ్రాన్ వియా చిత్రం’ అని రాసి, వెంటనే వేలంపాటలో ఆయన బొమ్మలు ఎంత పలికాయో చెప్పడానికి వెళ్ళిపోయావు. నాకు కోపం వచ్చింది. ఏడేళ్ళని ఒక్క వాక్యంలో ఎలా దాటేశావు?

1974లో మొదలుపెట్టి 1981లో ముగించిన బొమ్మ అది. మాడ్రిడ్‌లో గ్రాన్ వియా అంటే ఎప్పుడూ రద్దీగా ఉండే వీధి. ఎండాకాలం తెల్లవారుజామున, ఊరు లేవకముందే ఆయన అక్కడ ఈజిల్ పెట్టుకుని నిలబడేవారు. కావలసిన వెలుగు అరగంటకు మించి ఉండదు. అది మారితే ఆ రోజుకి పని ఆపేయాలి, వేసవి దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. బొమ్మలో ఒక గడియారం ఉంది, గమనించావా? ఆరున్నర చూపిస్తుంది. వీధిలో మనిషి లేడు, కారు లేదు. ఇంతా చేసి ఆ బొమ్మ వేసిన పలక ఎటు కొలిచినా మీటరు లేదు. నీ వ్యాసంలో ఆ గడియారం లేదు, ధర ఉంది.

కళాకారుడి జీవితం అంటే అతను పని చేసిన గంటలు. నువ్వు పేరాలకు పేరాలు రాసిన 1985 నాటి ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియస్, 2006 నాటి వెలాస్కెజ్ బహుమతులు కమిటీలు చేసిన పని. ఆయన చేసింది కాదు.

నీకీ అలవాటు మన పత్రికల వల్లే వచ్చింది. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక కలంకారీ పెద్దాయన గురించి వ్యాసం రాశాను. గుడ్డని కరక్కాయ రసంలో, గేదె పాలలో తడిపి ఆరబెట్టడం దగ్గరనుంచి అంతా ఆయన పక్కన కూర్చుని చూసి రాసుకున్నాను. సంపాదకుడు ఆ భాగమంతా కొట్టేసి సన్మానాల జాబితా మాత్రం ఉంచాడు. ‘గుడ్డ నానబెట్టే సంగతి పాఠకుడికెందుకయ్యా’ అన్నాడు. పత్రిక పట్టుకెళ్ళి పెద్దాయనకి చదివి వినిపిస్తే, ‘మరి పని సంగతేదీ?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సంపాదకుడి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకో మాట. 1990 శరదృతువులో పెరట్లో క్విన్స్ అనే పసుపుపచ్చ కాయల చెట్టును గీసిన సంగతిని ‘విఫలయత్నం’ అన్నావు. ఆ మాట తీసెయ్. పాదాలు రోజూ అదే చోట ఉండాలని నేలలో మేకులు కొట్టుకున్నారు. కాయలు బరువెక్కి కిందికి దిగుతుంటే ఎంత దిగాయో తెలియడానికి కాయల మీదా ఆకుల మీదా తెల్లరంగు గుర్తులు పెట్టారు. వానలు పట్టుకుని ఎండ పోతే రంగుల బొమ్మ పక్కన పెట్టి పెన్సిల్ అందుకున్నారు. కాయలు రాలేదాకా చెట్టును చూస్తూనే ఉన్న మనిషి ఓడిపోయాడని ఎలా అంటావు? దర్శకుడు విక్టర్ ఎరిసే ఇదంతా సినిమాగా తీస్తే 1992లో కాన్ సినిమా పండుగలో జ్యూరీ బహుమతి వచ్చింది.

ఆ సినిమాకి నిర్మాత మరియా మోరెనో. నీ వ్యాసంలో ఆమె ‘లోపెజ్ భార్య’, అంతే. ఆమె కూడా చిత్రకారిణి. 2020లో పోయారు. ఆమె బొమ్మలు వెతికి చూడు, చూశాక ఒక పేరా రాయి.

కలం పేరు గురించీ, పుస్తకం వేసేవాళ్ళ గురించీ అడిగావు. అవి ఇప్పుడొద్దు. ముందు ఈ వ్యాసం మళ్ళీ రాయి. ‘ప్రపంచ ప్రఖ్యాత’ అని మొదలుపెట్టకు. స్పెయిన్‌లో లా మాంచా ప్రాంతంలోని టొమెల్యోసో ఊళ్ళో మొదలుపెట్టు. 1936లో అక్కడి రైతుకుటుంబంలో పుట్టి, అచ్చు బొమ్మలు చూసి గీస్తున్న పిల్లవాణ్ణి, తండ్రి సోదరుడైన ఒక చిత్రకారుడు ఎదురుగా ఉన్న వస్తువుల్ని చూసి గీయమన్నాడు. పదమూడేళ్ళకి ఆ పిల్లవాడు మాడ్రిడ్ చేరాడు. ధర సంగతి తప్పదనుకుంటే చివర్లో ఒక్క వాక్యం చాలు.