మార్కుల రిజిస్టరు పక్కన పెట్టి చీటీలు చూడు

అమ్మాయీ,

వాట్సాప్‌లో నువ్వు పెట్టిన పొడుగాటి మెసేజ్ రెండుసార్లు చదివాను. ఏడో తరగతి ఎఫ్ఏ-1 (ఏడాది మధ్యలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో మొదటిది) లెక్కల మార్కులు చూసి ఒకటే టెన్షన్ పడుతున్నావు. "దశాంశాలు రెండు వారాలు చెప్పాను మాస్టారూ, అయినా సగం మందికి రాలేదు" అన్నావు. ఆ సంగతి రెండు వారాల తర్వాత, పేపర్లు దిద్దుతున్నప్పుడు తెలియడమేంటి? మూడో రోజుకే తెలియాలి కదా.

కోప్పడటం లేదులే. నాది అంతకన్నా ఘోరం. నా ఎఫ్ఏ మార్కుల రిజిస్టరులో ఒక్కో పిల్లాడికి భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగు గడులుండేవి. తనిఖీ ముందురోజు రాత్రి కూర్చుని అన్నీ ఒకే పెన్నుతో నింపేశాను. అందరికీ పదికి ఎనిమిదో తొమ్మిదో. వచ్చినాయన రిజిస్టరు తిరగేసి, తొమ్మిది వేసిన పిల్లాణ్ణి దగ్గరికి పిలిచి, "వీడికి ఏం రాదో చెప్పండి మాస్టారూ" అన్నాడు. నా నోట మాట రాలేదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో నిరంతర మూల్యాంకనం అన్నది పిల్లల అవగాహననీ, నేర్చుకున్నది వాడుకునే శక్తినీ చూడమనే. దాన్ని గడులు నింపే పనిగా మార్చుకున్నది మనమే.

ముందుగా "అర్థమైందా?" అని అడగడం మానెయ్. నలభై మందీ ఒకే గొంతుతో "అర్థమైంది టీచర్!" అంటారు. అందులో ముప్ఫై గొంతులకు ఏమీ అర్థమై ఉండదు. దానికి బదులు వారానికి రెండుసార్లు, పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో అందరికీ తలా ఒక చిన్న చీటీ ఇచ్చి ఒకటో రెండో ప్రశ్నలు ఇవ్వు. పేరు రాయించు, మార్కులు మాత్రం వెయ్యకు.

ఆ ప్రశ్నలు ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. 0.4, 0.35లో ఏది పెద్దదని అడిగావనుకో. కొందరు 0.35 అంటారు, నాలుగు కన్నా ముప్ఫై ఐదు పెద్దది కాబట్టి. 0.4 అన్నవాళ్లందరికీ వచ్చేసిందని సంతోషపడకు. చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే సంఖ్య చిన్నదని వాళ్లలో కొందరు నమ్ముతారు. పదో వంతు కన్నా వందో వంతు చిన్నదని మనమే చెప్పాం, అది అలా దిగింది వాళ్ల బుర్రల్లోకి. తప్పు లెక్కతో సరైన జవాబు. అందుకే దాని కిందే 0.3, 0.45 కూడా అడుగు. మొదటి రకం వాళ్లు ఇక్కడ గట్టెక్కుతారు, రెండో రకం దొరికిపోతారు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో టీ తాగుతూ ఆ చీటీలు మొదటి రకం, రెండో రకం, రెండూ సరిగ్గా రాసినవాళ్లు అని మూడు కుప్పలు చెయ్యి. పది నిమిషాల పని. మర్నాడు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కుప్పలే చెబుతాయి. మొదటి కుప్ప వాళ్ల చేతికి మీటరు స్కేలిచ్చి 0.4 మీటరు, 0.35 మీటరు ఎక్కడొస్తాయో వేలు పెట్టి చూపించమను. రెండో కుప్పకి నూరు గళ్ల కాగితం ఇచ్చి 0.3కి ఒక రంగు, 0.45కి ఇంకో రంగు వేయించు. పైసలతో చెబుదామనుకోకు, ఈ కాలం పిల్లలు పైసా మొహం చూడలేదు. రెండూ సరిగ్గా రాసినవాళ్లని ఊరికే కూర్చోబెడితే అల్లరి చేస్తారు. 0.3కీ 0.4కీ మధ్య ఎన్ని సంఖ్యలున్నాయో తేల్చమను, పీరియడంతా కొట్టుకుంటారు.

ఇలా చేస్తే సిలబస్ వెనకపడుతుందని హెడ్‌మాస్టరు అనొచ్చు. ఒక రోజు పోతుంది, నిజమే. రానిదాని మీద కొత్తది పేర్చుకుంటూ పోతే తర్వాత ఎన్ని రోజులు పోతాయో ఆయనకీ తెలుసు.

మార్కులు ఎందుకు వద్దన్నానంటే, ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే ఆవిడ 1988లో పిల్లల మీద చేసిన ఒక పరిశీలన ఉంది. కొందరికి మార్కులు, కొందరికి వ్యాఖ్యలు, కొందరికి రెండూ ఇచ్చి చూసింది. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. రెండూ ఇచ్చినవాళ్లకి ఆ లాభం దక్కలేదు. నువ్వు పేపర్లిచ్చిన రోజు చూడు, పైన అంకె చూసుకుంటారు, పక్కవాడిది తొంగి చూస్తారు, సంచిలో కుక్కేస్తారు. నువ్వు ఎర్రపెన్నుతో రాసిన మాట ఎవరూ చదవరు. చీటీ మీద "గుడ్", "బాగా చదువు" అని రాసినా దండగే. "0.45లో 4 ఎన్నో వంతులో నాకొచ్చి చెప్పు" అని రాయి, సాయంత్రం గంట కొట్టేలోపు వాడు నీ టేబుల్ దగ్గర నిలబడతాడు.

ప్రాజెక్టుల సంగతి పెద్దగా చెప్పను. నెట్ సెంటర్ ప్రింటు తెచ్చినవాడికి మార్కులు వెయ్యకుండా రెండు ప్రశ్నలడుగు, చాలు. ఎఫ్ఏ రికార్డులు మాత్రం నింపు తల్లీ, అవి తప్పవు. ఈ చీటీలుంటే ఆ గడుల్లో ఏం రాయాలో వెతుక్కోనక్కర్లేదు.

చీటీలు పారెయ్యకు. దసరా సెలవులకి వచ్చేటప్పుడు రెండో కుప్ప ఒక్కటీ రబ్బరు బ్యాండేసి పట్టుకురా. మీ అత్తయ్యగారు పులిహోర చేస్తానంటున్నారు, వరండాలో కూర్చుని చూద్దాం.

మీ మాస్టారు