మోసెల్ లోయ ద్రాక్షకొండల్లో మూడు రోజులు మౌంటెన్ బైక్ తొక్కాలంటే ఏమేం చూసుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: సెప్టెంబరు చివర్లో జర్మనీలోని మోసెల్ లోయలో కోహెమ్ నుంచి ట్రియర్ వైపు మూడు రోజులు. నది పక్కనున్న చదును దారి కాకుండా కొండల మీదుగా వెళ్ళాలి. చేతిలో ఉన్నది 160 మి.మీ. రోటర్లు (బ్రేకు పళ్ళేలు), 29 అంగుళాల చక్రాలు ఉన్న హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిలు. రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కగలనా అని మీ అనుమానం.

ఎక్కడం గురించి అంతగా దిగులు పడకండి. అక్కడ సైకిలుకీ చేతులకీ పరీక్ష పెట్టేది దిగడమే. మీ ఏర్పాట్లలో ముందుగా చూసుకోవాల్సింది బ్రేకులు, ఆ తరువాత దారులు.

ముందు నేల తీరు. మోసెల్‌కి ఒక పక్క ఐఫెల్, రెండో పక్క హున్స్‌రుక్, రెండూ మెట్ట పీఠభూములే. ఈ రెంటి మధ్య నది పలకరాతిని లోతుగా కోసుకుంటూ పాములా మెలికలు తిరుగుతుంది. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి గీత గీసినట్టు వెళ్తే సుమారు వంద కిలోమీటర్లు, నది వెంట వెళ్తే దాదాపు రెట్టింపు. కోహెమ్ దగ్గర నీటి మట్టం సముద్రమట్టానికి 80 మీటర్ల పైన ఉంటే, పైన మైదానం 400 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే నది ఒడ్డు నుంచి పైకి వెళ్ళిన ప్రతిసారీ 300 మీటర్లు ఎక్కాలి, తిరిగి అంతా దిగాలి. మూడుసార్లు పైకెళ్ళి వస్తే మీ వెయ్యి మీటర్లు అయిపోతాయి. ఒకసారి పైకి చేరాక అక్కడే ఎక్కువ దూరం తొక్కి, సాయంత్రానికి ఒక్కసారే దిగేలా ప్లాన్ చేసుకోవడం మేలు. నదికి దిగి మళ్ళీ ఎక్కడం మ్యాపులో చిన్న గీతలాగే కనిపిస్తుంది, కాళ్ళకి మాత్రం గంట పని.

ఇప్పుడు బ్రేకుల లెక్క. మీరు, సైకిలు, సంచి కలిపి 95 కిలోలు అనుకుందాం. 300 మీటర్లు మెల్లగా దిగితే దాదాపు 280 కిలోజౌళ్ళ శక్తిని ఎక్కడో ఖర్చు పెట్టాలి. గాలికి, టైర్లకి పోయేది కొంతే, మిగతాదంతా రోటర్లలో వేడిగా మారుతుంది. 280 కిలోజౌళ్ళంటే 20 డిగ్రీల నీళ్ళు 800 మిల్లీలీటర్లను మరిగించేంత వేడి. ద్రాక్షతోటల కాంక్రీటు దారులు చాలాచోట్ల 15 నుంచి 25 శాతం వాలుతో నేరుగా కిందికి పడతాయి. ఆ వేడంతా కొద్ది నిమిషాల్లోనే వచ్చి పడుతుంది. 160 రోటరుకి అది ఎక్కువ.

ముందు 203, వెనక 180 మి.మీ. రోటర్లు వేయండి. రోటరు 160 నుంచి 203కి మారితే అదే వేలి బలానికి పట్టు నాలుగో వంతు దాకా పెరుగుతుంది, వేడిని పంచుకునే లోహం కూడా పెరుగుతుంది. ప్యాడ్లను రోటరుకి నొక్కే కాలిపర్‌కి అడాప్టర్ మారిస్తే చాలు. కాకపోతే కొనే ముందు ఫోర్క్, ఫ్రేమ్ ఎంత పెద్ద రోటరును ఒప్పుకుంటాయో వాటి మాన్యువల్లో చూడండి. చవక హార్డ్‌టెయిల్ ఫోర్కుల్లో కొన్నిటికి 180 దాటకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ హద్దు దాటితే ఫోర్క్ కాలు మీద పడే బలానికి అది పగలొచ్చు.

రోటరును రెండు పక్కలా నొక్కే ప్యాడ్లలో రెజిన్ (జిగురు పదార్థం)తో చేసినవి మెత్తన. చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టుకుంటాయి. కానీ పొడవాటి వాలులో వేడెక్కితే పైన గాజు పూతలా మెరుపెక్కి జారతాయి. తడి పలకరాతి పొడి బురదగా అంటుకుంటే ఒక్క వాన రోజులోనే సగం అరిగిపోవచ్చు. ఈ ప్రయాణానికి లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్లే సరైనవి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కొన్ని రోటర్ల మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉంటుంది. వాటికి సింటర్డ్ వేస్తే రోటరు మెత్తని ఉక్కు త్వరగా అరిగిపోతుంది. షిమానో రోటరైతే మందం 1.5 మి.మీ.కి, ప్యాడు మీది పొర 0.5 మి.మీ.కి వస్తే మార్చేయాలి. అదనంగా రెండు జతల ప్యాడ్లు సంచిలో ఉండాలి.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే ఆ కొండకి వెళ్ళకండి. చదును దారిలో గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగం దాకా గట్టిగా బ్రేకు వేయాలి, పూర్తిగా ఆగకుండా వదిలేయాలి. ఒక్కో చక్రానికి 20 సార్లు ఇలా చేయండి. ప్యాడు పొర రోటరు మీద సమంగా అంటుకుంటేనే అసలు పట్టు వస్తుంది. మధ్యలో పూర్తిగా ఆగితే ఆ చోట మచ్చలా అంటుకుని తరువాత కంపనం మొదలవుతుంది.

దిగేటప్పుడు రెండు లీవర్లనూ ఆగకుండా సన్నగా నొక్కి పట్టుకోవడం వల్లే ఎక్కువ బ్రేకులు చచ్చిపోతాయి. దారి ముందుకి కనిపిస్తున్నచోట వదలండి, మలుపుకి ముందు గట్టిగా, తక్కువసేపు నొక్కండి, మళ్ళీ పూర్తిగా వదలండి. ఆ వదిలిన క్షణాల్లోనే రోటరు చల్లారుతుంది. లీవరు గట్టిగానే ఉండి సైకిలు మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కినట్టు, కాసేపు ఆగితే కోలుకుంటాయి. లీవరు మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తుంటే లోపలి ద్రవం మరుగుతున్నట్టు. వెంటనే దిగిపోయి నడవండి. చల్లారాక లీవరు మామూలుగా అనిపించినా దాన్ని నమ్మకూడదు, బ్లీడ్ చేయించాల్సిందే, అంటే లోపలి పాత ద్రవాన్నీ గాలినీ తీసి కొత్తది నింపించాలి. కొన్ని బ్రేకుల్లో ఉండే డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అలా దాని మరుగు మట్టం ఏటేటా తగ్గుతూ పోతుంది. మిగతావాటిలో ఉండే మినరల్ ఆయిల్ పీల్చుకోదు. కానీ లోపలికి చేరిన నీటి చుక్క అడుగున కాలిపర్‌లో చేరి 100 డిగ్రీలకే ఆవిరవుతుంది. చివరిసారి బ్లీడ్ చేసి ఏడాది దాటితే బయల్దేరే ముందే చేయించండి. వేడి రోటరు మీద నీళ్ళు పోయకండి, వంకర పోతుంది.

ఎక్కడం విషయంలో గేరు లెక్క ఒక్కటి చాలు. ముందు 32 పళ్ళు, వెనక 51 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టుకి సైకిలు 1.45 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5 కి.మీ. పైచిలుకు. 20 శాతం వాలులో ఆ వేగానికే 260 వాట్లు దాటుతుంది, అది ఎక్కువసేపు నిలిచేది కాదు. అదే గేరులో 10 శాతం వాలైతే 135 వాట్ల దగ్గర సరిపోతుంది. కాబట్టి తోటల కాంక్రీటు దారిలో ఎక్కకండి. ఏటి వెంట పైకి పోయే పక్క లోయల తారు రోడ్డో, అడవి దారో పట్టుకోండి, దూరం రెట్టింపైనా సరే. పెడల్ దగ్గరి పళ్ళచక్రాన్ని 30 లేదా 28 పళ్ళకి మారిస్తే ఇంకా హాయి.

టైర్ల విషయంలో పలకరాయికి ఒక ప్రత్యేక గుణం ఉంది. అది పొరలుగా చీలుతుంది, ఆ పెళ్ళల అంచు కత్తిలా ఉంటుంది. పంక్చరు నడి భాగంలో కంటే టైరు పక్కల్లోనే ఎక్కువ పడుతుంది. 2.4 అంగుళాల వెడల్పు, పక్కలు దృఢంగా ఉన్న రకం (మాక్సిస్‌లో ఎక్సో ప్లస్, ష్వాల్బెలో సూపర్ ట్రెయిల్ లాంటివి) తీసుకోండి. ట్యూబ్‌లెస్‌గా వేసి టైరుకి 100 నుంచి 120 మి.లీ. సీలెంట్ (చిల్లులు మూసే ద్రవం) పోయండి. 80 కిలోల మనిషికి ముందు 1.6, వెనక 1.8 బార్ గాలితో మొదలుపెట్టి సర్దుకోవచ్చు. సెంటీమీటరు పొడవు చీలితే సీలెంట్ మూయలేదు, రబ్బరు ప్లగ్ కావాలి. అంతకంటే పెద్దదైతే లోపల టైరు ముక్క పెట్టి ట్యూబ్ ఎక్కించాలి. పాత టైరు నుంచి అరచేయంత ముక్క కోసి సంచిలో ఉంచుకోండి. తడిసిన పలకరాయి సబ్బులా జారుతుంది. సెప్టెంబరులో పొద్దుటిపూట లోయంతా మంచు కమ్మి ఉంటుంది కనుక నీడ పడే వాలుల్లో పది, పదకొండు దాకా తడి ఆరదు. అందుకే కిందికి దిగడాన్ని మధ్యాహ్నం తరువాతకి పెట్టుకోండి.

ఇక చాలామంది వదిలేసే భాగం, ఎక్కడ తొక్కనిస్తారు అన్నది. కోహెమ్, ట్రియర్ ఉన్న రైన్‌లాండ్-ఫాల్జ్ రాష్ట్రపు అడవి చట్టం ప్రకారం అడవిలో సైకిలుకి రోడ్లు, అడవి దారులు మాత్రమే అనుమతి. నడిచేవాళ్ళ సన్న కాలిబాటలు, కలప లాగే దారులు అందులోకి రావు. 365 కి.మీ. మోసెల్‌స్టైగ్ నడకదారిని అలాగే జీపీఎస్‌లో ఎక్కించుకుని సైకిలుతో బయల్దేరితే చాలాచోట్ల చట్టం తప్పినట్టే, మెట్ల దగ్గర సైకిలు మోయాల్సి వస్తుంది కూడా. బ్రెమ్ దగ్గర కాల్మాంట్ వాలు యూరప్‌లోకెల్లా నిటారైన ద్రాక్షతోటల్లో ఒకటని పేరు. అక్కడి బాటకి నిచ్చెనలు, ఉక్కు తాళ్ళు ఉన్నాయి, అది కాలి నడకకే.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపులో ‘ట్రాక్’ అని ఉండి, గ్రేడ్ (దారి గట్టిదనం) 1 నుంచి 3 దాకా ఉన్నవి నమ్మకంగా ఎంచుకోండి. ‘పాత్’ అని ఉంటే వదిలేయండి. ద్రాక్షతోటల ట్రాకుల్లో ఇంకో చిక్కు ఉంది. చాలావరకు తోట చివర రాతి గోడ దగ్గర ఆగిపోతాయి, రెండో పక్కకి దారి ఉండదు. దిగే ముందు ఉపగ్రహ చిత్రంలో చివరి దాకా చూడండి. లేకపోతే 20 శాతం వాలు వెనక్కి తోసుకుంటూ రావాలి.

మీరు వెళ్ళేది కోతల కాలం. రీస్లింగ్ ద్రాక్ష సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా కోస్తారు. మలుపు తిరగ్గానే ఎదురుగా ట్రాక్టరు, దాని వెనక తొట్టి, దారి పొడవునా మనుషులు ఉంటారు. వాళ్ళ ఏడాది కష్టం ఆ నాలుగైదు వారాల్లోనే ఇంటికి చేరాలి. కాబట్టి సైకిలు దిగి, పక్కకి జరిగి, వాళ్ళు వెళ్ళాకే కదలండి. ఒంటి పట్టా మీద వాలు ఎక్కే చిన్న మోనోరాక్ బండ్లు కూడా పనిలో ఉంటాయి, ఆ పట్టాను చూసి దాటండి. కాంక్రీటు దారికి అడ్డంగా వాననీటి కాలువలు ఏటవాలుగా కోసి ఉంటాయి. ముందు చక్రాన్ని వాటికి లంబంగా తిప్పి దాటాలి. ఏటవాలుగా వెళ్తే చక్రం కాలువలో ఇరుక్కుంటుంది.

మూడు రోజుల్ని నేనైతే ఇలా పంచుతాను. మొదటి రోజు కోహెమ్ నుంచి పక్క లోయ పట్టుకుని పైకి, మైదానం మీద అడవి దారులు, సాయంత్రం బుల్లై దగ్గర నదికి దిగుడు. అక్కడి వంతెనకి పైన రైలు, కింద రోడ్డు. అక్కడి నుంచి ట్సెల్ దాటి బెర్న్‌కాస్టెల్ దాకా నది వెంట చదును దారి, ట్సెల్ నుంచి సుమారు 40 కి.మీ.

రెండో రోజు సీజనులో సైకిలు ట్రెయిలరుతో నడిచే రెగియోరాడ్లర్ బస్సులో బెర్న్‌కాస్టెల్ నుంచి ఐఫెల్‌లోని డౌన్ ఊరికి. సీటు, సైకిలు చోటు ముందే బుక్ చేసుకోండి. డౌన్ చుట్టూ గుర్తులు పెట్టిన మౌంటెన్ బైక్ దారులున్నాయి, సన్న బాటలు తొక్కాలన్న కోరిక అక్కడ చట్టబద్ధంగా తీరుతుంది. తిరుగు దారి మారె-మోసెల్ రాడ్‌వెగ్. పాత రైలు మార్గాన్నే సైకిలు దారిగా మార్చారు, డౌన్ నుంచి బెర్న్‌కాస్టెల్ దాకా 58 కి.మీ. రైలు ఎక్కిన వాలు కనుక బ్రేకులకి పని తక్కువ, సొరంగాలు మాత్రం చీకటి, చల్లన. లైటు, పలచని జాకెట్ దగ్గరుండాలి. చివరిదాకా పోనక్కర్లేదు. వెంగెరోర్‌లో ఉన్న విట్లిహ్ ముఖ్య స్టేషను దగ్గర ఆగి రైల్లో ట్రియర్ చేరితే మూడో రోజు కలిసివస్తుంది. ఆ రాష్ట్రపు ప్రాంతీయ రైళ్ళలో పనిదినాల్లో ఉదయం 9 తరువాత, శని ఆదివారాల్లో రోజంతా సైకిలుకి టిక్కెట్టు అక్కర్లేదు. చోటుంటేనే ఎక్కనిస్తారు.

మూడో రోజు రూవర్ ఏటి లోయ. ట్రియర్-రూవర్ నుంచి హెర్మెస్కైల్ దాకా ఇంకో పాత రైలు దారి, 48 కి.మీ. కింద ద్రాక్షతోటలు, పైకి పోయేకొద్దీ అడవి. ఉదయమే బయల్దేరితే వచ్చిన దారినే సాయంత్రానికి ట్రియర్ చేరవచ్చు.

నీళ్ళు రెండు లీటర్లు మోయండి. పైన ఊళ్ళలో శ్మశానాల దగ్గర కుళాయి ఉంటుంది, ‘కైన్ ట్రింక్‌వాసర్’ (తాగే నీరు కాదు) అని రాసి ఉంటే మాత్రం తాగకండి. వైన్ సాయంత్రం దిగాకే. జర్మనీలో సైకిలు తొక్కేవాళ్ళకి రక్తంలో వెయ్యికి 1.6 పాళ్ళు ఆల్కహాల్ దాటితే ఎలా తొక్కినా నేరమే. తూలుతూ తొక్కినా, ప్రమాదం జరిగినా 0.3కే కేసు అవుతుంది. పగలు ద్రాక్షరసం అడిగి తాగండి.

అడవిలో పడితే 112కి ఫోను చేయండి. అడవి దారుల పక్కన ఆకుపచ్చ ‘రెట్టుంగ్స్‌పుంక్ట్’ (సహాయ కేంద్రబిందువు) బోర్డుల మీద ఒక నంబరు ఉంటుంది. దాటిన ప్రతి బోర్డునూ ఫోనులో ఫొటో తీసుకుంటూ వెళ్ళండి. ఆ నంబరు చెబితే అంబులెన్సు మిమ్మల్ని వెతుక్కోనక్కర్లేదు.