ల్యాబుకు వెళ్లే ముందు ఇది చదువు, బుజ్జీ

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం మన ఊరి హైస్కూలుకెళ్లి, ల్యాబులోని 12 కంప్యూటర్లూ నువ్వొక్కదానివే సరిచేస్తానని మాస్టారికి మాటిచ్చావట. అన్నీ లైనక్స్ మింటే (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్). మెనూలో పిల్లలు డాక్యుమెంట్స్ ఫోల్డర్ నొక్కితే ఫోల్డర్లు చూపించే ఫైల్ మేనేజర్ బదులు, ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ తెరుచుకుంటోందట. నువ్వు చదివిన బడికి నువ్వే వెళ్లి చేస్తున్నావంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక మాత్రం పోయిన దసరాకి మీ నాన్న ల్యాప్‌టాప్‌కి పట్టిన గతి గుర్తొచ్చింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు రోగం ఎక్కడుందో తెలుసుకో. లైనక్స్‌కి ఫోల్డర్ కూడా ఒక రకం ఫైలే. పీడీఎఫ్‌కి, ఫొటోకి ఉన్నట్టే దానికీ ఒక రకం పేరుంది: ఐనోడ్/డైరెక్టరీ. ఏదైనా ప్రోగ్రామ్ ఫోల్డర్ తెరవాలంటే, ఈ రకానికి ఎవరు పూచీ అని సిస్టమ్‌ని అడుగుతుంది. మింట్ ప్రధాన రకమైన సినమన్‌లో ఆ జవాబు నీమో, అంటే దాని ఫైల్ మేనేజర్, కావాలి. ఒకప్పటి వీఎస్ కోడ్ తన డెస్క్‌టాప్ ఫైల్లో (ప్రోగ్రామ్ తన గురించి సిస్టమ్‌కి చెప్పుకునే చిన్న ఫైలు) తానూ ఫోల్డర్లు తెరవగలనని రాసుకునేది. డిస్క్ ఎంత నిండిందో రంగు చక్రాల్లో చూపించే ప్రోగ్రామ్ కూడా అలాగే రాసుకుంటుంది. అది తప్పేమీ కాదు, రెండూ నిజంగానే తెరవగలవు. ఎవరో ఒక పిల్లవాడు కుడి క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో కోడ్‌ని ఎంచి, ‘సెట్ యాజ్ డిఫాల్ట్’ నొక్కి ఉంటాడు. లేదా ఏ డిఫాల్టూ రాసి లేనప్పుడు కొత్తగా వచ్చిన ప్రోగ్రామ్ ఆ చోటు ఆక్రమించి ఉంటుంది.

నీమోలో ఉండి ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కి, బాగానే ఉందే అని తేల్చేయకు. నీమో తన లోపలి ఫోల్డర్లను తానే తెరుచుకుంటుంది, ఎవరినీ అడగదు. తప్పు బయటపడేది మెనూ నుంచో, టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) నుంచో, వేరే ప్రోగ్రామ్ నుంచో తెరిచినప్పుడే. పరీక్ష ఎప్పుడూ బయటి నుంచే చెయ్యి.

టెర్మినల్ తెరిచి ఇలా కొట్టు, అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే: ఎక్స్‌డీజీ-మైమ్, ఖాళీ, క్వెరీ, ఖాళీ, డిఫాల్ట్, ఖాళీ, ఐనోడ్/డైరెక్టరీ. కోడ్ డాట్ డెస్క్‌టాప్ అని వస్తే దొంగ దొరికినట్టే. స్నాప్ అనే ఇంకో పద్ధతి ద్వారా వేసినదైతే పేరులో కోడ్ అనే మాట రెండుసార్లు, మధ్యలో కింది గీతతో కనిపిస్తుంది. ఏది కనిపిస్తే అది నోట్‌బుక్కులో రాసుకో.

ఇక దసరా సంగతి. నిన్ను తిట్టడానికి కాదు తల్లీ, ఆదివారం అదే పని 12 చోట్ల చేస్తావేమోనని భయంతో చెబుతున్నాను. మీ నాన్న ల్యాప్‌టాప్‌లోనూ ఇదే జబ్బు. ఎక్కడో చదివి, హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్లోకి వెళ్లి మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అనే ఫైలుని ఏకంగా తీసేశావు. కాపీ కూడా పెట్టుకోలేదు. ఫోల్డర్ బాగుపడింది, నువ్వు సంబరపడ్డావు. ఆ ఫైల్లో ఫోల్డర్ సంగతి ఒక్క వరుసే. మిగతా వరుసలన్నీ మీ నాన్న ఏళ్లుగా ఏర్పరుచుకున్నవి: పీడీఎఫ్ దేంట్లో తెరవాలి, వీడియో దేంట్లో, లింకు నొక్కితే ఏ బ్రౌజర్ రావాలి. ఒక్క దెబ్బతో అన్నీ సిస్టమ్ మొదట ఇచ్చిన స్థితికి పోయాయి. ఒక్కో ఫైలు తెరిచి, ఇది కాదు అనుకుని, కుడి క్లిక్ చేసి, మళ్లీ ఎంచుకుని... ఆయన పండగ సెలవులన్నీ దీనికే సరిపోయాయి. నీతో ఒక్క మాటా అనలేదు. నువ్వు బాధపడతావని.

ఆ ఫైలు ఎలా ఉంటుందో ఇప్పుడు చెబుతాను, చేత్తో దిద్దాల్సి వస్తే భయం ఉండదు. అందులో చదరపు బ్రాకెట్లలో శీర్షికలుంటాయి. డిఫాల్ట్ అప్లికేషన్స్ కింద, ఏ రకం ఫైలుకి మొదట ఏ ప్రోగ్రామ్ అన్నది ఉంటుంది. యాడెడ్ అసోసియేషన్స్ కింద, ఓపెన్ విత్ జాబితాలో అదనంగా ఏవి కనిపించాలో ఉంటుంది. రిమూవ్డ్ అసోసియేషన్స్ కింద, ఏవి కనిపించకూడదో ఉంటుంది. నువ్వు ముట్టుకోవలసింది మొదటి శీర్షిక కిందున్న ఒకే ఒక్క వరుస: ఐనోడ్/డైరెక్టరీ, సమానం గుర్తు, నీమో డాట్ డెస్క్‌టాప్. రెండో శీర్షిక కింద కోడ్ పేరు కనిపించినా వదిలెయ్. ఫోల్డర్‌ని కావాలని కోడ్‌లో తెరిచే పిల్లలకి ఆ దారి ఉండాలి. ఒకే శీర్షిక కింద ఐనోడ్/డైరెక్టరీ వరుస రెండుసార్లు కనిపిస్తే ఒకటే ఉంచు.

చేత్తో దిద్దే అవసరం చాలావరకు రాదు. ముందు ఆ ఫైలుకి కాపీ తీసి పక్కన పెట్టు. డాట్‌తో మొదలయ్యే పేర్లు నీమోలో కంట్రోల్ హెచ్ నొక్కితే కనిపిస్తాయి. తర్వాత ఎక్స్‌డీజీ-మైమ్, డిఫాల్ట్, నీమో డాట్ డెస్క్‌టాప్, ఐనోడ్/డైరెక్టరీ, మధ్యమధ్య ఖాళీలతో. ఎంటర్ నొక్కాక స్క్రీన్ మీద ఏమీ రాదు. పేరులో ఒక అక్షరం తప్పు కొట్టినా ఏమీ రాదు! సిస్టమ్ ఆ లేని పేరుని మౌనంగా దాటేసి, తర్వాత దొరికినదాన్ని తెరుస్తుంది. పని అయిందనుకుని నువ్వు ఇంకో కుర్చీలోకి వెళ్లిపోతావు. అందుకే వెంటనే ముందటి ప్రశ్న మళ్లీ అడుగు, జవాబు నీమో అని కళ్లతో చూడు, ఆపైన ఎక్స్‌డీజీ-ఓపెన్ అని కొట్టి ఖాళీ వదిలి ఒక చుక్క పెట్టి ఫోల్డర్ తెరిచి చూడు. టెర్మినల్ అక్కర్లేదనుకుంటే కుడి క్లిక్, ఓపెన్ విత్, అదర్ అప్లికేషన్, నీమో, సెట్ యాజ్ డిఫాల్ట్. ఫలితం ఒకటే.

సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపే మాట) జోలికి పోకు. నీకు పాస్‌వర్డ్ ఇస్తారు, చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. ఈ కమాండ్‌ని రూట్‌గా, అంటే అడ్మిన్‌గా, నడపవద్దని దాని మాన్యువల్లోనే రాసి ఉంది. సుడోతో నడిపితే మారేది రూట్ అనే వేరే మనిషి జాబితా, పిల్లల అకౌంట్ ఎప్పటిలాగే ఉంటుంది. ఇంకొందరు యూఎస్ఆర్, షేర్, అప్లికేషన్స్ లోపలికెళ్లి కోడ్ డాట్ డెస్క్‌టాప్‌లోంచే ఐనోడ్/డైరెక్టరీ మాట చెరిపేస్తారు. ఆ రోజుకి పనిచేస్తుంది. ఆ ఫైలు ప్యాకేజీ సొత్తు, అప్‌డేట్ రాగానే కొత్త కాపీ వచ్చి పడుతుంది, నువ్వు దిద్దింది పోతుంది.

ఈ ఎంపిక ఒక్కో అకౌంటుకి విడిగా ఉంటుంది. ప్రతి కంప్యూటర్లో విద్యార్థిది ఒకటి, మాస్టారిది ఒకటి అకౌంట్ ఉంటే 24 చోట్ల చెయ్యాలి. ఇకముందు పెట్టే అకౌంట్లకి కూడా వర్తించాలంటే, ఈటీసీ లోపలి ఎక్స్‌డీజీ ఫోల్డర్లో మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ పెట్టి, డిఫాల్ట్ అప్లికేషన్స్ శీర్షిక ఒకటి, ఆ ఒక్క వరుస ఒకటి రాయొచ్చు. సుడో వాడదగ్గ చోటు ఇదొక్కటే, అదీ మాస్టారిని అడిగాక. అయినా అకౌంట్‌లో సొంత వరుస ఉంటే దానిదే పైచెయ్యి. పాత అకౌంట్లను విడివిడిగా దిద్దక తప్పదు.

చాలా పాతకాలపు అకౌంట్లయితే ఇంకో చోట కూడా చూడు. ఈ జాబితా పూర్వం డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్ లోపల ఉండేది. ఆ రోజుల్లో వేసిన సిస్టమ్‌ని అప్‌గ్రేడ్ చేసుకుంటూ వస్తే రెండు ఫైళ్లూ మిగిలిపోతాయి. రెండూ చెప్పేది వేరైతే డాట్ కాన్ఫిగ్ మాటే నెగ్గుతుంది. పాతదాన్ని దిద్ది, ఏం మారలేదేమిటని గంటసేపు తల పట్టుకుని కూర్చోవద్దు.

బ్రౌజర్ డౌన్‌లోడ్లలో ‘షో ఇన్ ఫోల్డర్’ మాత్రం వేరే దారిన పోతుంది. అది ముందు డీబస్ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకునే దారి) ద్వారా ఫైల్ మేనేజర్‌నే పిలుస్తుంది, ఆ పిలుపుకి ఎవరూ పలక్కపోతేనే ఈ జాబితా చూస్తుంది. ఒకే కంప్యూటర్లో రెండు ఫైల్ మేనేజర్లుంటే ఎవరు ముందు నడుస్తుంటే వాళ్లే పలుకుతారు. అంతా దిద్దాక కూడా అక్కడ వేరే కిటికీ వస్తే నీ తప్పేమీ లేదు, రెండో ఫైల్ మేనేజర్ ఉందేమో వెతుకు.

నన్ను అసలు కంగారు పెట్టేది పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు. వీఎస్ కోడ్‌లో ఎడమ పక్కన పేర్లన్నీ కనిపిస్తాయి. పిల్లవాడు తన లిబ్రాఫీస్ డాక్యుమెంట్ నొక్కితే, ఇది టెక్స్ట్ కాదని హెచ్చరిక వస్తుంది. చదవకుండా ‘ఓపెన్ ఎనీవే’ నొక్కి, పిచ్చి గుర్తుల మధ్య ఏదో కొట్టి సేవ్ చేస్తే ఆ ఫైలు ఇక తెరుచుకోదు. కొన్నాళ్లుగా ఇలాగే నడుస్తోందట కాబట్టి, ఏదీ దిద్దకముందే ప్రతి కంప్యూటర్లోని డాక్యుమెంట్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తు. ఒక్కో దానికి కంప్యూటర్ నంబరుతో వేరే ఫోల్డర్ పెట్టు, లేకపోతే ఒకే పేరున్న ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

మొదట ఒక్క కంప్యూటర్ చెయ్యి. లాగవుట్ చేసి, మళ్లీ లాగిన్ అయి, మెనూ నుంచి తెరిచి చూడు. అది నిలిచాకే రెండోదాని దగ్గరికి వెళ్లు. తొందరేం లేదు, సగమే అయితే మిగతావి వచ్చే ఆదివారం చూసుకోవచ్చు. మధ్యాహ్నం అన్నం మానేయకు, అమ్మ క్యారియర్ కడతానంది. పెన్‌డ్రైవ్ లేకపోతే శనివారం సాయంత్రం ఇంటికి రా, నా దగ్గర 64 జీబీది ఖాళీగా ఉంది.

మీ మావయ్య