రీఫర్ పని బయటివాళ్లకి అప్పగించే ముందు

చిరంజీవి సుధాకర్‌కి, మామయ్య ఆశీస్సులు.

కావలి రొయ్యల ప్లాంటు నుంచి రేవు దాకా రీఫర్ డబ్బాల (చల్లబరిచే మెషిన్ ఉన్న కంటైనర్ల) రవాణా, మధ్యలో కోల్డ్ స్టోరేజీ, కాగితాల పని అంతా ఒకే కంపెనీకి అప్పగిద్దామనుకుంటున్నావని, మూడు కొటేషన్లు తెప్పించావని రాశావు. ఆ మూడూ ప్రస్తుతానికి పక్కన పెట్టు అల్లుడూ. నువ్వేం అడిగావో వాళ్లకి పూర్తిగా తెలీదు, ఆ రేటులో ఏమేం కలిపారో నీకు తెలీదు.

ముందు నీ పనంతా ఒక కాగితం మీద రాయి. నెలకి ఎన్ని నలభై అడుగుల డబ్బాలు, అందులో రేవుల వారీగా చెన్నైకి ఎన్ని, కాట్టుపల్లికి ఎన్ని, ఎన్నూరుకి ఎన్ని, లోడింగ్‌కి ఎన్ని గంటలు పడుతుంది, అంతా రాయి. సగటు మాత్రం చెప్పొద్దు. ఎండాకాలం రొయ్యల పట్టుబడి జోరు మీదున్నప్పటి లెక్క వేరే రాయి, పంట లేని నెలల లెక్క వేరే రాయి. పది డబ్బాలని చెప్పి ఇరవై అడిగిన రోజున నీకు బండి దొరకదు. దొరికినా అది ఎవరి బండో నీకు తెలీదు.

తర్వాత రేటుని ముక్కలుగా అడుగు. కిరాయి, జెన్‌సెట్ (దారిలో డబ్బా మెషిన్‌కి కరెంటిచ్చే డీజిల్ జనరేటర్) అద్దె, టోల్, కాటా, హాల్టింగ్ (బండి ఆగి ఎదురుచూసినందుకు చార్జీ), కరెంటు ప్లగ్ చార్జీ, హమాలీ, దేనికది విడివిడిగా ఇవ్వమను. ఖాళీ డబ్బా చెన్నై యార్డు నుంచే రావాలి, కావలి నుంచి అక్కడికి సుమారు 230 కిలోమీటర్లు, కాబట్టి కిరాయి రానూపోనూ కలిపేనా అని తేల్చుకో. హాల్టింగ్ ఎన్ని గంటల తర్వాత మొదలవుతుందో రాయించు. కిరాయి తక్కువ వేసినవాడు సాధారణంగా ఇక్కడే రాబట్టుకుంటాడు. డీజిల్‌కి సూత్రం పెట్టుకో: కిరాయిలో డీజిల్ వాటా 40 శాతం అని ఒప్పుకుంటే, డీజిల్ 5 శాతం పెరిగినప్పుడు కిరాయి 2 శాతమే పెరగాలి. తగ్గినప్పుడు తగ్గాలి కూడా. ఆ రెండో మాట రాయడం చాలామంది మర్చిపోతారు.

ఇక అసలు సంగతి. సరుకు పాడయ్యేది ఎక్కువగా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే చోటే. కాబట్టి మీ దగ్గర ఎన్ని బండ్లున్నాయని అడిగి ఊరుకోకు. చేతులు మారే ప్రతిచోటా ఏం రాసుకుంటారో చూపించమను.

యార్డులో ఖాళీ డబ్బా తీసుకునేటప్పుడు పీటీఐ (బయల్దేరే ముందు మెషిన్‌కి చేసే తనిఖీ) జరిగిందా, దాని తేదీ ఏమిటి, తలుపు రబ్బర్లు బాగున్నాయా, నేల మీద కాలువలు శుభ్రంగా ఉన్నాయా, ఫోటోలతో సహా ఉండాలి. రొయ్యలకి సెట్ పాయింట్ (మెషిన్‌లో పెట్టే చల్లదనం అంకె) మైనస్ 18 డిగ్రీలు, గాలి వెంట్లు మూసి ఉండాలి. రీఫర్ సరుకుని గడ్డకట్టించదు, గడ్డకట్టినదాన్ని అట్టాగే నిలబెడుతుందంతే. మైనస్ 12 దగ్గర ఎక్కించిన కార్టన్ రేవు చేరేసరికి మైనస్ 18 అవదు. అందుకని లోడింగ్ అప్పుడు వేడి కొలిచి కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి, లేకపోతే తప్పు ప్లాంటుదా బండిదా అనేది ఎప్పటికీ తేలదు. లోపల గోడ మీద లోడ్ హద్దు చూపే ఎర్ర గీత దాటి కార్టన్లు పేర్చనివ్వొద్దు. చల్లగాలి నేల కిందనుంచి వచ్చి పైనుంచి వెనక్కి పోవాలి, గీత దాటితే ఆ దారి మూసుకుపోతుంది. తలుపులు తీసి ఉన్నంతసేపు మెషిన్ ఆపాలి. మన సముద్రపు తేమగాలి కాయిల్ మీద మంచుగా పేరుకుంటే తర్వాత చల్లదనం అందదు.

దారిలో చూడాల్సింది జెన్‌సెట్ గంటల మీటరు. గేటు దాటేటప్పుడు అంకె, రేవులో దిగేటప్పుడు అంకె ట్రిప్ షీట్ మీద ఉండాలి. పది గంటల ప్రయాణంలో మీటరు ఆరు గంటలే తిరిగితే మిగతా నాలుగు గంటల డీజిల్ ఎక్కడికి పోయిందో అడుగు. వేడిని ఎప్పటికప్పుడు రాసుకునే డేటా లాగర్లు నీ సొంతానివి రెండు డబ్బాలో పెట్టు, ఒకటి తలుపు దగ్గర పై వరసలో, ఇంకోటి మధ్యలో. డబ్బా సొంత రికార్డులో కాసేపు పైకి లేచి దిగే చిన్న మొనలు డీఫ్రాస్ట్‌వి, అంటే మెషిన్ కాయిల్ మీది మంచు కరిగించుకునేటప్పటివి, వాటికి గొడవ పడొద్దు. గంటలకొద్దీ దిగనిదే లెక్క.

రేవు గేటు దగ్గర కటాఫ్ టైమే, అంటే ఆ ఓడకి డబ్బాలు తీసుకునే ఆఖరి గడువే, యముడు. లోడైన డబ్బా బరువు ధ్రువీకరణ, అంటే వీజీఎం, 2016 జూలై 1 నుంచి తప్పనిసరి, అది లేకుండా డబ్బా ఓడెక్కదు. దాన్ని ఎవరు, ఎప్పుడు పంపాలో పేరు పెట్టి రాయి. తలుపుకి వేసే ఈ-సీల్ (ఎలక్ట్రానిక్ ముద్ర) నంబరు షిప్పింగ్ బిల్లుతో (కస్టమ్స్‌కిచ్చే ఎగుమతి కాగితంతో) ఒక్క అంకె తేడా వచ్చినా తలుపు తెరిపిస్తారు.

బాధ్యత సంగతి జాగ్రత్తగా చదువు. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007 కింద, ఎక్కువ రిస్క్ రేటు కడతానని నువ్వు ముందే ఒప్పుకుని రాసుకోకపోతే రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకి మించదు. కిరాయి 40 వేలనుకుంటే 4 లక్షలు. డబ్బాలో కోటి రూపాయల సరుకుంటే? అందుకే మెరైన్ పాలసీ (సరుకు రవాణా బీమా) నీ పేరు మీదే ఉండాలి. చాలా పాలసీలు మెషిన్ వరసగా 24 గంటలు ఆగితేనే డబ్బిస్తాయి, ఎనిమిది గంటలాగిన జెన్‌సెట్‌కి పైసా రాదు. ఆ షరతు మార్పించుకో, ప్రీమియం కొంచెం పెరిగినా సరే. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రవాణాదారుకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేకపోతే కేసే నిలవదు.

సొంత బండ్లెన్ని, అటాచ్‌వి (బయటి ఓనర్లవి) ఎన్ని అని అడిగి ఆర్సీ కాపీలు తీసుకో. నీకు చెప్పకుండా ఇంకొకడికి అప్పగించకూడదని రాయించు. చెప్పాపెట్టకుండా ఒక రాత్రి వాళ్ల యార్డుకి పోయి చూడు: స్పేర్ జెన్‌సెట్ ఉందా, మెకానిక్ ఉన్నాడా, ఫోన్ ఎత్తేవాడున్నాడా.

పెనాల్టీలు మితంగా పెట్టు. మరీ గట్టిగా పెడితే టైములు దిద్దుతారు, సీజన్లో బండి వేరే ప్లాంటుకి తోలుతారు. మొదట మూడు నెలలు పది డబ్బాలతో చూడు, బాగుంటే 70 శాతం ఇచ్చి మిగతా 30 ఇంకొకరి దగ్గరుంచు.

వరద ప్రశ్న ఒకటి తప్పకుండా అడుగు. నీ ప్లాంటు పెన్నకి ఉత్తరాన ఉంది, రేవులన్నీ దక్షిణాన. 2021 నవంబరు వరదలో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి, రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి. అట్టాంటి రోజు లోడైన డబ్బాలని ఎక్కడ నిలబెడతారు, కరెంటు ప్లగ్గులెన్ని, ఎన్ని రోజులకి డీజిల్ ఉంది? ఈ మూడింటికి జవాబు రాసిచ్చినవాళ్ల కొటేషన్లు నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ మామయ్య