అమాయకుడి వేషం

(విజయనగరంలో నలభై ఏళ్లుగా నాటకాల్లో హాస్యపాత్రలు వేస్తున్న నటుడు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: ఐర్లండ్ హాస్యనటుడు ఆర్డల్ ఓహాన్లన్ వేసిన ఫాదర్ డూగల్ పాత్ర మీకు ఎంతో ఇష్టమని ఇంతకుముందు రాశారు. బొత్తిగా బుర్రలేని ఆ పాత్రలో నటించడానికి ఏముంది?
– డిగ్రీ విద్యార్థి, పాలకొండ

జవాబు: వినడం ఉంది బాబూ. 'ఫాదర్ టెడ్' 1995 నుంచి 1998 దాకా బ్రిటన్‌లోని ఛానల్ 4లో వచ్చిన ధారావాహిక. విసిరేసినట్టున్న ఒక దీవిలో ముగ్గురు క్రైస్తవ మతగురువులు, వాళ్లలో ఒకరు టెడ్, చిన్నవాడు డూగల్. ఒకచోట టెడ్ బొమ్మ ఆవులు చేత్తో పట్టుకుని, ఇవి చిన్నవి, బయట కనిపిస్తున్నవి దూరంగా ఉన్నాయి అని ఓపిగ్గా విడమరుస్తాడు. మాటలన్నీ టెడ్‌వే. డూగల్ మనసుపెట్టి వింటాడు, అయినా అర్థం కాదు. నవ్వంతా ఆ మనసుపెట్టడంలోనే ఉంది.

నా ముప్ఫయ్యో ఏట ఒక నాటికలో నౌకరు వేషం వేశాను. అప్పులవాడు వస్తున్నాడని అయ్యగారు "నేను లేనని చెప్పు" అంటారు. నౌకరు గుమ్మంలోకి వచ్చి "అయ్యగారు లేరని చెప్పమన్నారండీ" అంటాడు. తాతలనాటి హాస్యం, అందరికీ తెలిసిందే. మొదటి రెండు ప్రదర్శనల్లో ఆ మాట అంటూ ప్రేక్షకులకేసి కన్నుగీటాను. ముందువరస కుర్రాళ్లు తప్ప ఎవరూ నవ్వలేదు. మర్నాడు మా దర్శకుడు ఒక్కటే అడిగారు: "ఆ మాట చెప్పాక నౌకరు ఏమనుకుంటాడు?" నేను తెల్లమొహం వేశాను. "అయ్యగారు చెప్పింది పొల్లుపోకుండా చేశానని పొంగిపోతాడయ్యా" అన్నారు.

మూడో ప్రదర్శన చీపురుపల్లిలో. మాట చెప్పి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, ఇక ఈయన వెళ్తాడు కదా, తలుపు వేసుకుందామని రెక్క పట్టుకుని నిలబడ్డాను. అప్పులవాడు కదల్లేదు. నేనూ కదల్లేదు. నవ్వు వెనకవరసల్లో మొదలై ముందుకు వచ్చింది. అది తగ్గేదాకా నేను తలుపు రెక్క వదల్లేదు. ఓహాన్లన్ కూడా డూగల్‌కి దూరంగా నిలబడి, వీడెంత వెర్రివాడో చూడండి అని మనకు సైగ చెయ్యడు. ఎక్కడా చెయ్యడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ప్రశ్న: సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాసను పనివాళ్లకూ దొంగలకూ అంటగట్టి నవ్విస్తున్నారు. మీరూ అదే యాసతో నవ్విస్తారు. తేడా ఏమిటి?
– ఉపాధ్యాయురాలు, రాజాం

జవాబు: ఈ బాధ నాదీనమ్మా. మా అమ్మ ఆ యాసలోనే దేవుడికి మొక్కింది, పాలవాడి లెక్క చూసింది, మమ్మల్ని తిట్టింది, నిద్రపుచ్చింది. తెర మీద ఎవరో దాన్ని వంకరగా పలికి, హాలంతా గొల్లుమంటే నాకు అన్నం సయించదు.

ఐర్లండ్ వాళ్లు దీన్ని మనకంటే ఎక్కువ కాలం భరించారు. ఇంగ్లండ్ నాటకాల్లో వందల ఏళ్లపాటు ఐరిష్‌వాడు అంటే తాగుబోతు, కోతలరాయుడు, వింత ఉచ్చారణతో నవ్వించేవాడు. మరి 'ఫాదర్ టెడ్' కూడా తిక్క ఐరిష్ మనుషుల కథే, వచ్చిందీ బ్రిటన్ ఛానల్లోనే. అయినా ఐర్లండ్ దాన్ని సొంతం చేసుకుంది. రాసిన గ్రాహం లైన్‌హన్, ఆర్థర్ మాథ్యూస్ ఐరిష్‌వాళ్లు, ముఖ్య నటులూ అక్కడివాళ్లే. అంతకంటే ముఖ్యం, ఆ దీవిలో వెర్రివాడిదీ బిషప్పుదీ ఐర్లండ్ మాటే. అందరి నోటా ఉన్నప్పుడు యాసను చూసి ఎవరు నవ్వుతారు? మనిషిని చూసి నవ్వాల్సిందే.

మన ఊళ్లో ఈ పని 1892లోనే జరిగింది. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' ఆ ఏడాది విజయనగరంలో తొలిసారి ఆడారు. గిరీశం కోతలైనా, మధురవాణి చతురోక్తులైనా, అగ్నిహోత్రావధాన్లు చిందులైనా అన్నీ నోటి మాటలే, ఎవరి పలుకు వారిదే. ఒక్క పేదవాడి మెడకే యాసను గంటలా కట్టలేదు.

కొత్త నాటకం చేతికొస్తే నేను ముందు చూసేది, ఇందులో డాక్టరు ఎలా మాట్లాడతాడు, కథానాయిక ఎలా మాట్లాడుతుంది అని. వాళ్లిద్దరికీ పుస్తకాల తెలుగు రాసి, మన యాస నా నౌకరుకు మాత్రమే పెడితే ఆ వేషం ఒప్పుకోను. ఇప్పటికి రెండు నాటకాలు అలా వెనక్కి ఇచ్చేశాను. అందులో ఒకటి మంచి పారితోషికం వచ్చేది.

ప్రశ్న: నవ్వించేవాళ్ల జీవితాలన్నీ విషాదాలే అంటారు, నిజమేనా?
– పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కాదు. టెడ్‌గా నటించిన డెర్మట్ మోర్గాన్ 1998 ఫిబ్రవరి 28న గుండెపోటుతో పోయారు. చివరి భాగం చిత్రీకరణ ముగిసిన మర్నాడే. వయసు 45. కడుపు తరుక్కుపోతుంది. కానీ ఆయన పేరు ఎత్తగానే మరణం దగ్గరే ఆగిపోవడం నాకు నచ్చదు. టెడ్ అంత ఓపిగ్గా చెప్పి, అంతగా విసిగిపోకపోతే డూగల్ అమాయకత్వం మనకు కనిపించేదే కాదు. ఆ విసుగు చూడండి, అది గొప్ప నటుడి పని.

ప్రశ్న: మావారు డాక్టరు. మా అబ్బాయి మాత్రం చదువయ్యాక హాస్యనటుణ్ణి అవుతానంటున్నాడు. ఏం చెప్పమంటారు?
– గృహిణి, ఆమదాలవలస

జవాబు: ఓహాన్లన్ తండ్రి కూడా డాక్టరే తల్లీ. రాజకీయాల్లోకి వెళ్లి ఆరోగ్యమంత్రిగా, పార్లమెంటు దిగువసభకు సభాపతిగా కూడా చేశారు. కొడుకు డబ్లిన్‌లో చదువు పూర్తిచేసి, 1988లో ఇద్దరు మిత్రులతో కలిసి ఒక బారులోని గదిలో హాస్య ప్రదర్శనలు మొదలుపెట్టాడు. తమకు వేదిక ఎవరో ఇస్తారని కూర్చోలేదు.

కాబట్టి డిగ్రీ చేతికి రానివ్వండి. ఈలోగా ఇద్దరు స్నేహితులనూ, మీ వీధిలో ఒక మేడనూ చూసుకోమనండి. ఇరవై కుర్చీలు చాలు, మైకు వద్దు. మొదటిరోజు డాక్టరు గారిని ముందువరసలో కాకుండా వెనక కూర్చోబెట్టండి. ఆయన ఏ మాటకు నవ్వారో నాకు తప్పకుండా రాయండి.