యార్క్ సౌత్ గురించి రాయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

టొరంటో శివార్లలో ఒకప్పుడున్న యార్క్ సౌత్ చరిత్ర రాస్తానన్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ముందుగా ఒకటి గుర్తుపెట్టుకో. ఆ పేరుతో రెండు నియోజకవర్గాలు ఉండేవి, ఒకటి ఒటావా పార్లమెంటుకి, ఇంకోటి క్వీన్స్ పార్క్‌లోని ఒంటారియో శాసనసభకి, పాత పేపర్లు చదువుతుంటే రెండూ కలిసిపోతాయి. 1942 ఉప ఎన్నికలో మాజీ ప్రధాని ఆర్థర్ మీయన్‌ని జోసెఫ్ నోస్‌వర్దీ అనే బడిపంతులు ఓడించింది ఒటావా సీటులో. నీది రెండోది. అలాగని ఆ గెలుపుని వదిలెయ్యకు, ఎందుకంటే మరుసటేడే అతని పార్టీ సీసీఎఫ్ (వామపక్ష పార్టీ, అదే తర్వాత ఎన్‌డీపీ అయింది) ఒంటారియో ప్రావిన్స్‌లో 34 సీట్లు తెచ్చుకుని, 38 వచ్చిన కన్సర్వేటివ్‌లకి ఎదురుగా కూర్చుంది, దాని నాయకుడు టెడ్ జాలిఫ్ గెలిచింది యార్క్ సౌత్‌లోనే.

ఇక్కడే అందరూ దారి తప్పుతారు. జాలిఫ్, తర్వాత డొనాల్డ్ మెక్‌డొనాల్డ్, తర్వాత బాబ్ రే, ముగ్గురూ పార్టీ నాయకులే కాబట్టి ముగ్గురి జీవితచరిత్రలు రాసేసి నియోజకవర్గం చరిత్ర అనుకుంటారు. నువ్వు అలా చెయ్యకు తల్లీ. ఇదే నియోజకవర్గం జాలిఫ్‌ని 1945లో ఓడించింది, 1948లో గెలిపించింది, 1951లో మళ్లీ ఓడించింది, అంటే ఇక్కడ నాయకుడన్న గౌరవం ఒక్కటే సరిపోలేదు. ఓటేసినవాళ్లు ఎవరు, ఏం పని చేసేవాళ్లు, ఎవరి ఇల్లు ఎలాంటిది, అది వెతుకు. 1945 ఎన్నికకి కొద్దిరోజుల ముందు, ప్రీమియర్, అంటే ప్రావిన్స్ ముఖ్యమంత్రి, జార్జ్ డ్రూ రహస్య పోలీసుల్ని నడుపుతున్నాడని జాలిఫ్ రేడియోలో ఆరోపించాడు, గెస్టాపో అనే మాట కూడా వాడాడు. దీని మీద వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, డ్రూని తప్పుపట్టలేదు, కానీ దశాబ్దాల తర్వాత బయటపడ్డ కాగితాలు జాలిఫ్ మాటకి బలమిచ్చాయి. రెండూ రాయి, ఒక్కటే రాస్తే అన్యాయం.

నన్నడిగితే రే కంటే మెక్‌డొనాల్డ్‌కే ఎక్కువ పేజీలివ్వాలి. పార్టీకి సభలో ఇద్దరే మిగిలిన 1951 దెబ్బ తర్వాత, 1955లో ఈ సీటు గెలిచి 1982 దాకా నిలబెట్టుకున్నాడు, చివరికి కొత్త నాయకుడు రే సభలోకి రావడానికి దాన్ని ఖాళీ చేసిచ్చాడు. 1990లో ఎన్‌డీపీకి 130 సీట్లలో 74 వచ్చి రే ప్రీమియర్ అయిన సంగతి అందరికీ తెలుసు, అక్కడ ఎక్కువసేపు ఆగకు.

ముగింపు మీద మాత్రం ఓపిక పట్టు. రే వెళ్లిపోయాక 1996 ఉప ఎన్నికలో లిబరల్ జెరార్డ్ కెనెడీ గెలిచాడు, ఓడిన ఎన్‌డీపీ అభ్యర్థి డేవిడ్ మిల్లర్ తర్వాత టొరంటో మేయరయ్యాడు. అప్పటి ప్రీమియర్ మైక్ హ్యారిస్ ప్రభుత్వం శాసనసభ సీట్లని 130 నుంచి 103కి తగ్గించి, హద్దుల్ని ఒటావా సీట్లతో కలిపేసింది, దాంతో 1999 ఎన్నికకి యార్క్ సౌత్ లేదు. అంతకుముందే, 1998 జనవరి 1న, ఈ ప్రాంతాన్ని పాలించిన యార్క్ నగరం కూడా టొరంటోలో కలిసిపోయింది. ఊరి పాలన, అసెంబ్లీ సీటు రెండూ ఏడాదిన్నరలోపే పోయాయి, దాని గురించి ఎవరూ సరిగ్గా రాయలేదనే నా బాధ.

ఇక పని సంగతి. పేరు మారకపోయినా గీతలు మారుతూ ఉంటాయి, అందుకని ప్రతి ఎన్నికకీ అప్పటి మ్యాపు పక్కన పెట్టుకో, ఏ వీధి లోపలుందో చూడకుండా ఒక్క పేరా కూడా రాయకు. అప్పటి ఓట్ల లెక్కల్ని నేటి యార్క్ సౌత్-వెస్టన్ లెక్కలతో పోల్చకు, అది వేరే నేల. టొరంటో లైబ్రరీ కార్డుంటే స్టార్, గ్లోబ్ పేపర్ల పాత సంచికలు ఇంట్లోంచే చదవొచ్చు. యార్క్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒంటారియో ఆర్కైవ్స్ ఉంది, వెళ్లేముందు ఏ ఫైళ్లు కావాలో రాసుకుని వెళ్లు. ఎగ్లింటన్ వీధి వైపు పాత ఇళ్లలో ఉండే పెద్దవాళ్లతో మాట్లాడు, వాళ్లకి ఇప్పుడే ఎనభై దాటుంటాయి, ఆర్కైవ్స్ కంటే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లు.

మీ పెద్దమామయ్య